ముందు ఎవరికి చెప్పాలి?

జట్టులో చోటు పోవడం ఆటగాడి చేతిలో ఉండదు. ఆ సాయంత్రం ఫోన్ తీసి ఏం రాయాలన్నది మాత్రం పూర్తిగా అతని చేతిలోనే ఉంటుంది. పేరున్న క్రీడాకారులు చిక్కుల్లో పడ్డ సందర్భాలు తిరగేసి చూడండి. చాలావాటిలో వాళ్ల బాధ న్యాయమైనదే, చెప్పిన విషయంలోనూ తప్పుండదు. అది మొదట ఎవరి చెవిన పడిందన్న దగ్గరే వ్యవహారం చెడుతుంది. కోచ్‌ని అడగాల్సింది విలేకరితో అంటారు. సెలక్టర్‌కి రాయాల్సింది ట్విట్టర్లో పెడతారు. ఇంట్లో నాన్నతో చెప్పుకుని తేలికపడాల్సింది టీవీ వాళ్ల ముందు కక్కేస్తారు.

వినయం, విధేయత అనే మాటలతో ఈ అధ్యాయం నింపే ఉద్దేశం నాకు లేదు. నోరు మూసుకున్నవాడే మంచి ఆటగాడనే సిద్ధాంతం క్రీడాసంఘాల పెద్దలకు భలే అనుకూలం. దాన్ని ప్రచారం చేసేవాళ్లు మన దగ్గర ఇప్పటికే కావలసినంత మంది ఉన్నారు. నేను చెప్పబోయేది అంతకంటే చిన్న సంగతి. మాట్లాడండి, గట్టిగానే మాట్లాడండి, కానీ ఒక వరస పాటించండి. ముందు ఆ మనిషికి, తర్వాత ఆ మనిషి పైవాళ్లకి, అప్పటికీ పని జరగకపోతే అందరికీ.

2018 నవంబరు 22న ఆంటిగ్వాలో మహిళల టీ20 ప్రపంచకప్ సెమీఫైనల్ జరిగింది. ఇంగ్లండ్‌తో ఆడిన భారత తుది జట్టులో మిథాలీ రాజ్ లేదు. అదే టోర్నీలో పాకిస్తాన్ మీద, ఐర్లండ్ మీద అర్ధసెంచరీలు కొట్టి వచ్చిన మనిషి. సికింద్రాబాద్‌లో ఆట నేర్చుకుని, అప్పటికి పంతొమ్మిదేళ్లుగా దేశానికి ఆడుతున్న మనిషి. ఆమెను బెంచ్ మీద కూర్చోబెట్టి ఆడిన భారత్ ఎనిమిది వికెట్ల తేడాతో ఓడింది. గెలిచి ఉంటే బహుశా ఎవరూ అడిగేవారు కాదు. ఓడారు కాబట్టి అందరూ అడిగారు.

ఆ తర్వాత జరిగినవి వరసగా చూడాలి. మొదట ఆమె మేనేజర్, కెప్టెన్ హర్మన్‌ప్రీత్ కౌర్‌ని నానా మాటలంటూ ట్వీట్ చేసింది. మిథాలీ నోటి నుంచి ఒక్క ముక్క రాకముందే ఆమె తరఫున యుద్ధం మొదలైపోయిందన్నమాట. తర్వాత మిథాలీ బోర్డు అధికారులకు లేఖ రాసింది. కోచ్ రమేశ్ పొవార్ తనను అవమానించాడని, పాలకమండలిలోని డయానా ఎడుల్జీ పక్షపాతంతో వ్యవహరించారని అందులో ఉంది. ఆ లేఖ పత్రికలకు చేరింది. వెంటనే పొవార్ బోర్డుకు ఇచ్చిన నివేదిక కూడా బయటికొచ్చింది. అందులో ఆమె మీద ఎదురు ఆరోపణలు. తన జీవితంలో ఇది అతి చీకటి రోజని మిథాలీ ట్విట్టర్లో రాసుకుంది.

నా లెక్కలో మిథాలీ చేసిన పని సరైనదే. ఆమె విలేకరుల దగ్గరికి వెళ్లలేదు, యాజమాన్యానికి రాసింది. రాయాల్సిన చోటికే రాసినా అది బజారున పడింది. కాబట్టి యాజమాన్యానికి రాసే ప్రతి ఉత్తరాన్నీ, మెయిల్‌నీ, వాట్సాప్ మెసేజ్‌నీ రేపు పేపర్లో యథాతథంగా వస్తుందనుకునే రాయండి. తేదీ, స్థలం, ఎవరేమన్నారు, మీరేం అడిగారు, జవాబు వచ్చిందా లేదా అన్నవి రాయండి. ‘కక్షగట్టారు’, ‘నాశనం చేశారు’ లాంటి మాటలు మొదటి చిత్తులో రాసుకోండి, కడుపులో మంట చల్లారుతుంది. రెండో చిత్తులో కొట్టేయండి. ‘ఫలానా రోజు నెట్స్‌లో నేను బ్యాటింగ్‌కి దిగగానే కోచ్ అక్కడి నుంచి వెళ్లిపోయారు’ అన్న వాక్యం ముందు ‘కోచ్ నన్ను చిన్నచూపు చూశారు’ అన్న వాక్యం తేలిపోతుంది. మొదటిదాన్ని విచారించవచ్చు. రెండోదాన్ని కాదనేస్తే సరిపోతుంది.

ఉత్తరం బయటికి పొక్కితే ఏమవుతుందో కోచ్‌లకూ అనుభవమే. 2005 సెప్టెంబరులో బులవాయో టెస్టులో సెంచరీ కొట్టిన సౌరవ్ గంగూలీ, మ్యాచ్‌కి ముందు తనను కెప్టెన్సీ వదులుకోమన్నారని విలేకరులకు చెప్పేశాడు. కోచ్ గ్రెగ్ చాపెల్ బోర్డుకు రాసిన పెద్ద ఈమెయిల్ ఆ తర్వాత కొద్దిరోజుల్లోనే పేపర్లకెక్కింది. గంగూలీకి కెప్టెన్సీ పోయింది, తర్వాత జట్టులో చోటూ పోయింది. 2007 ప్రపంచకప్‌లో తొలి దశలోనే ఇంటిముఖం పట్టాక చాపెల్ కూడా వెళ్లిపోయాడు. గంగూలీ మాత్రం 2006 డిసెంబరులో జొహానెస్‌బర్గ్ టెస్టుతో తిరిగొచ్చి అజేయ అర్ధసెంచరీ చేశాడు. దక్షిణాఫ్రికా గడ్డమీద మన తొలి టెస్టు విజయం అదే. ఇద్దరూ తలుపు మూసుకుని గంటసేపు అరుచుకుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని నాకిప్పటికీ అనిపిస్తుంది.

మళ్లీ ఆ మేనేజర్ ట్వీట్ దగ్గరికి వద్దాం. మన రాష్ట్రాల్లో ఆటగాళ్లకు ఇది మరీ పెద్ద సమస్య. ఇక్కడ మేనేజరంటే చాలాసార్లు నాన్నగారు, లేదంటే బాబాయి, మేనమామ. ఉద్యోగానికి సెలవు పెట్టి, తెల్లవారుజామున స్కూటర్ మీద అకాడమీకి తీసుకెళ్లి, పొలం అమ్మి కిట్ కొనిచ్చిన మనిషికి కొడుకునో కూతుర్నో పక్కన పెడితే కడుపు మండకుండా ఉంటుందా? చానల్ కుర్రాడు ఫోన్ చేసి ‘మీ అమ్మాయికి అన్యాయం జరిగిందంటున్నారు సార్’ అంటే చాలు, ఆయన మనసులోదంతా బయటికొస్తుంది. రాత్రి ఎనిమిదికల్లా స్క్రోలింగ్. మర్నాడు కోచ్ ముందు నిలబడాల్సింది మాత్రం మీరు. అందుకని పెద్ద టోర్నీకి బయల్దేరే ముందే ఇంట్లో కూర్చుని నెమ్మదిగా చెప్పండి: ‘నాన్నా, నా ఎంపిక గురించి ఎవరడిగినా వాడినే అడగండి అని పెట్టేయండి’ అని. ఆయన నొచ్చుకుంటారు. అయినా చెప్పండి. ఏజెంట్‌తో అయితే ఒప్పందంలోనే రాయించుకోండి. సోషల్ మీడియా ఖాతా చూసేవాళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. మీ పేరుతో వచ్చిన మాటకు మీరే పూచీ. ‘మా అడ్మిన్ పెట్టాడు’ అంటే ఎవరూ నమ్మరు, నమ్మినా క్షమించరు.

మిథాలీ కథలో నాకు బాగా నచ్చిన భాగం మూడేళ్ల తర్వాతది. 2021 మేలో రమేశ్ పొవార్‌నే మళ్లీ మహిళల జట్టు కోచ్‌గా నియమించారు. టెస్టు, వన్డే కెప్టెన్ మిథాలీయే. అదే డ్రెస్సింగ్ రూమ్, అదే ఇద్దరూ. ఇంగ్లండ్ పర్యటనకు ముందు విలేకరులు ఆశగా అడిగారు. మూడేళ్ల కిందటిదాన్ని ఇప్పుడు లాగడం ఎందుకన్న ధోరణిలో ఆమె ఆ ప్రశ్నను పక్కన పెట్టేసింది. ఇద్దరూ కలిసి 2022 ప్రపంచకప్ దాకా పనిచేశారు. మనసులో ఏమున్నా పనిలో చూపించకపోవడం కొందరికి నటనలా కనిపిస్తుంది. నాకు మాత్రం అది వృత్తిలో ఆరితేరిన మనిషి లక్షణం. కలిసి ఆడాలంటే స్నేహితులు కానక్కర్లేదు. రన్ తీయడానికి పిలిస్తే పలికితే చాలు.

ఇక విలేకరుల సంగతి.

2012 ఆగస్టు 18న వీవీఎస్ లక్ష్మణ్ హైదరాబాద్‌లో విలేకరులను పిలిచి అంతర్జాతీయ క్రికెట్ నుంచి తప్పుకుంటున్నట్టు చెప్పాడు. న్యూజిలాండ్‌తో ఉప్పల్‌లో టెస్టు మరో ఐదు రోజుల్లో మొదలు, జట్టులో అతని పేరూ ఉంది. 134 టెస్టులాడి, ఎవరి నోటా చెడ్డమాట పడని మనిషి. కెప్టెన్ ధోనీకి చెప్పారా అని ఎవరో అడిగారు. ప్రయత్నించాననీ, ధోనీ ఫోన్లో దొరకడం ఎంత కష్టమో అందరికీ తెలిసిందేననీ లక్ష్మణ్ నవ్వుతూ అన్నాడు. గదిలో ఉన్నవాళ్లూ నవ్వారు. ధోనీ ఫోన్ ఎత్తడన్నది అప్పటికి క్రికెట్ లోకంలో పాత జోకే. కానీ వార్తల్లోకి వచ్చేసరికి ఇద్దరికీ పడదన్న కథ తయారైంది, కెప్టెన్ వల్లే లక్ష్మణ్ తప్పుకున్నాడన్నంత దూరం వెళ్లింది. తర్వాత కలిసినప్పుడు ధోనీ పగలబడి నవ్వాడనీ, వివాదాలు మీకు కొత్త, నాకు అలవాటేనన్నట్టు తేల్చేశాడనీ లక్ష్మణ్ తన ఆత్మకథలో రాసుకున్నాడు.

లక్ష్మణ్ అంతటివాడికే తప్పలేదంటే మీకూ నాకూ ఏం తప్పుతుంది? మాట అచ్చులోకి వెళ్లేటప్పుడు దానితో పాటు నవ్వు వెళ్లదు. ఇప్పుడైతే అచ్చు కూడా కాదు, పదిహేను సెకన్ల రీల్. ముందు ప్రశ్న ఉండదు, వెనక వివరణ ఉండదు. జోక్ వేయాలనిపిస్తే మీ మీద మీరే వేసుకోండి. ఆ గదిలో లేని మనిషి పేరు జోకులోకి తేవద్దు, ఎంత సన్నిహితుడైనా సరే.

కత్తిరించిన క్లిప్పు ఏం చేస్తుందో చెప్పడానికి అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు అలెన్ ఐవర్సన్ కంటే పెద్ద ఉదాహరణ లేదు. 2002 మేలో, ప్రాక్టీస్‌కి సరిగ్గా రావడంలేదన్న విమర్శ మీద మాట్లాడుతూ ‘ప్రాక్టీస్’ అన్న ఒక్క మాటనే విసుగ్గా, వెటకారంగా మళ్లీ మళ్లీ అన్నాడు. ప్రపంచమంతా ఇప్పటికీ అది చూసి నవ్వుకుంటుంది. అదే సమావేశంలో, కొన్ని నెలల కిందట హత్యకు గురైన తన ప్రాణస్నేహితుడి గురించి కూడా అతను మాట్లాడాడు. ఆ ముక్క ఎవరూ చూపించరు. అంతకు ముందు ఏడాది లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచిన మనిషి చాలామందికి ప్రాక్టీస్ ఎగ్గొట్టేవాడిగా మిగిలిపోయాడు. దుఃఖంలో ఉన్నప్పుడు మైకు ముందుకు వెళ్లకూడదని అతనికి చెప్పేవాళ్లు ఆ రోజు పక్కన లేకపోయారు.

వెళ్లకపోతే? అది మరో చిక్కు. పెద్ద టోర్నీల్లో విలేకరులతో మాట్లాడటం మీ దయాదాక్షిణ్యం కాదు, ఒప్పందంలో భాగం. 2021లో ఫ్రెంచ్ ఓపెన్ మొదలయ్యే ముందు టెన్నిస్ క్రీడాకారిణి నవోమి ఒసాకా ప్రెస్‌మీట్లకు రానని సోషల్ మీడియాలో ప్రకటించింది. తొలి మ్యాచ్ గెలిచి సమావేశానికి వెళ్లకపోతే 15,000 డాలర్ల జరిమానా పడింది. నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ కలిసి హెచ్చరిక జారీ చేశాయి. ఆమె టోర్నీ నుంచే తప్పుకుని, 2018 నుంచి కుంగుబాటుతో బాధపడుతున్న సంగతి బయటపెట్టింది. ఆమె బాధ నిజం. ఆటల ప్రపంచం మానసిక ఆరోగ్యం గురించి అంత గట్టిగా మాట్లాడుకోవడానికి ఆమె కారణమైంది కూడా. కానీ చెప్పిన సమయం సరిగ్గా కుదరలేదనీ, ఇంకా స్పష్టంగా చెప్పి ఉండాల్సిందనీ ఆ ప్రకటనలోనే ఆమె ఒప్పుకుంది. డాక్టరు కాగితంతో నిర్వాహకుల దగ్గరికి ముందు వెళ్లి ఉంటే ఆ వారం వేరేలా నడిచేదని నా నమ్మకం. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు మార్షాన్ లించ్‌ది ఇంకో పద్ధతి. 2015 సూపర్‌బౌల్ ముందు సమావేశానికొచ్చి, జరిమానా పడకుండా ఉండటానికే వచ్చానని ప్రతి ప్రశ్నకూ ఒకటే జవాబు చెప్పి వెళ్లాడు. సరదాగా ఉంటుంది. అంత పేరు వచ్చాక మీరూ ప్రయత్నించవచ్చు.

విలేకరి మీ శత్రువు కాదు, స్నేహితుడూ కాదు. రాత్రి పేజీ కట్టే వేళకు కాపీ ఇవ్వాల్సిన ఉద్యోగి. అతనికి హెడ్డింగ్ కావాలి. మీరివ్వకపోతే వెతుక్కుంటాడు. ‘ప్రాసెస్ ఫాలో అవుతున్నాం, కుర్రాళ్లు బాగా కష్టపడుతున్నారు’ అని నాలుగు సమావేశాల్లో వరసగా చెబితే, ఐదోదానికి కచ్చితంగా మీ చేత కోచ్ గురించి ఏదో ఒకటి అనిపించే ప్రశ్నతో వస్తాడు. ఆ బాధ తప్పాలంటే అతనికి ఆట ఇవ్వండి. ఏ ఓవర్లో గాలి మారిందో, ఆ బౌలర్ బంతి ఎక్కడ వదులుతున్నాడో, ఏ షాట్ మానుకోవాలనుకుని మానుకోలేకపోయారో చెప్పండి. ఆట గురించి పది నిమిషాలు నిజంగా మాట్లాడే ఆటగాడిని గొడవల గురించి అడగడానికి మంచి విలేకరికి మనసొప్పదు. ‘ఆఫ్ ది రికార్డ్’ అనే మాటను మాత్రం మీ జేబులోంచి తీసి పారేయండి. పేరు లేకుండా వచ్చినా ఆ వాక్యం ఎవరిదో డ్రెస్సింగ్ రూమ్‌లో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఘాటైన జవాబు ఇవ్వకూడదని కాదు. 2017 ప్రపంచకప్‌కి ముందు మీకు ఇష్టమైన మగ క్రికెటర్ ఎవరని అడిగిన విలేకరిని, ఇదే ప్రశ్న మగవాళ్లను అడుగుతారా అని మిథాలీ అక్కడికక్కడే ఎదురడిగింది. ప్రశ్న అడిగినవాడి మొహం మీదే జవాబు. హోటల్ గదికి వెళ్లి పోస్టు పెట్టలేదు.

ఇప్పటిదాకా యాజమాన్యం మంచిదన్నట్టు మాట్లాడాను. ఎప్పుడూ అలా ఉండదు. 2013 మార్చిలో హైదరాబాద్ టెస్టులో ఇన్నింగ్స్ తేడాతో చిత్తుగా ఓడాక, జట్టు మెరుగుపడటానికి తలా మూడు సూచనలు రాసివ్వమని ఆస్ట్రేలియా కోచ్ మికీ ఆర్థర్ ఆటగాళ్లకు చెప్పాడు. ఇవ్వని నలుగురిని, వైస్ కెప్టెన్ షేన్ వాట్సన్‌తో సహా, మొహాలీ టెస్టుకు పక్కన పెట్టాడు. బడిపిల్లల హోంవర్క్ అని లోకమంతా ఎగతాళి చేసింది. సిరీస్ 4-0తో పోయింది, జూన్‌కల్లా కోచ్ ఉద్యోగమూ పోయింది. ఆ కాగితం ఇచ్చేస్తే పోయేదేముంది అని వాట్సన్‌ని అడగాలనిపిస్తుంది. అర్థంలేని పని అని తోచినా, చేయనప్పుడు ‘నేను చేయను, కారణం ఇది’ అని చెప్పడం ఒకటి, గడువు దాటిపోనివ్వడం మరొకటి.

హనుమ విహారిది ఇంకా కఠినమైన సంగతి. సిడ్నీలో తొడ కండరం పట్టేసినా 161 బంతులాడి టెస్టు కాపాడినవాడు, చెయ్యి విరిగితే ఎడమచేతి వాటంగా నిలబడి ఆంధ్రాకు బ్యాటింగ్ చేసినవాడు. 2024 రంజీ సీజన్ తొలి మ్యాచ్ తర్వాత కెప్టెన్సీ వదిలేశాడు. క్వార్టర్‌ఫైనల్లో ఆంధ్రా నాలుగు పరుగులతో ఓడాక, ఒక సహచరుడిని మందలించినందుకు, అతని తండ్రి రాజకీయ నాయకుడు కావడంతో, సంఘం తనను తప్పుకోమందని ఇన్‌స్టాగ్రామ్‌లో రాశాడు. ఆ ఆటగాడు దాన్ని ఖండించాడు, సంఘం విచారణ అంది. విహారి సీజన్ మధ్యలో జట్టును గందరగోళంలో పడేయలేదు, చివరి బంతి దాకా ఆడాకే నోరు విప్పాడు. అందులో నాకు తప్పు కనిపించదు. ఇక ఎన్నటికీ ఆంధ్రాకు ఆడనన్న వాక్యం దగ్గరే ఆగిపోతాను. కొన్ని నెలల్లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, అతనూ నిర్ణయం మార్చుకున్నాడు. వరస సరిగ్గా పాటించినవాడికి కూడా ‘ఎన్నటికీ’ అనే మాట బరువే.

వరస పనిచేస్తుందా అని అడిగేవాళ్లకు 2021 జనవరి సిడ్నీ చెబుతాను. తండ్రి పోయిన కబురు విని కూడా ఆస్ట్రేలియాలోనే ఉండిపోయిన మహ్మద్ సిరాజ్‌ని బౌండరీ దగ్గర ప్రేక్షకుల్లో కొందరు తిట్టారు. అతను కెప్టెన్ రహానేకి చెప్పాడు, రహానే అంపైర్లకు చెప్పాడు. ఆట ఆగింది, ఆరుగురిని స్టేడియం నుంచి పంపేశారు. తర్వాతి వారం బ్రిస్బేన్‌లో సిరాజ్ ఐదు వికెట్లు తీశాడు.

ఇందాక విహారి విషయంలో ‘ఎన్నటికీ’ అన్నాను కాబట్టి అంబటి రాయుడి దగ్గరికి రాక తప్పదు. 2019 ఏప్రిల్ 15న ప్రపంచకప్ జట్టు ప్రకటిస్తూ చీఫ్ సెలక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్, రాయుడిని కాదని తీసుకున్న విజయ్ శంకర్‌ని మూడు కోణాల్లో ఉపయోగపడే ఆటగాడన్నాడు. ప్రపంచకప్ చూడటానికి త్రీడీ కళ్లద్దాలు ఆర్డరిచ్చానని రాయుడు మర్నాడు ట్వీట్ చేశాడు. ఇద్దరూ గుంటూరువాళ్లే కాబట్టి ఆ కారం ఎక్కడిదో వేరే చెప్పక్కర్లేదు. ట్వీట్‌గా చూస్తే అద్భుతం, నేనూ నవ్వాను. బోర్డు చర్యేమీ తీసుకోలేదు, పైగా స్టాండ్‌బై జాబితాలో పేరు పెట్టింది. కానీ ధావన్ గాయపడితే పంత్‌ని, విజయ్ శంకర్ గాయపడితే అప్పటికి ఒక్క వన్డే కూడా ఆడని మయాంక్ అగర్వాల్‌ని పిలిచారు. ట్వీట్ వల్లే పిలవలేదని జనం అనుకున్నారు. ఆ ట్వీట్‌ని తాను ఆస్వాదించాననీ, కక్షేమీ లేదనీ ప్రసాద్ తర్వాత చెప్పుకోవాల్సి వచ్చింది. అతను నిజమే చెప్పి ఉండొచ్చు. కానీ 47 సగటున్న బ్యాటర్‌ని ఎందుకు పిలవలేదన్న అసలు ప్రశ్న పక్కకుపోయి, ట్వీట్ గురించిన ప్రశ్న ముందుకొచ్చింది. జోక్ బాగా పేలడం వల్ల ఫిర్యాదు వినపడకుండా పోయింది.

జులై 3న రాయుడు బోర్డుకు మెయిల్ పెట్టి అన్ని ఫార్మాట్ల నుంచీ రిటైరయ్యాడు. రెండు నెలలు తిరగకుండానే ఆగస్టు చివర్లో హైదరాబాద్ సంఘానికి రాసి ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నాడు. తనలో ఇంకా చాలా క్రికెట్ ఉందని గుర్తుచేసినందుకు చెన్నై సూపర్ కింగ్స్‌కీ, లక్ష్మణ్‌కీ, మాజీ క్రికెటర్ నోయెల్ డేవిడ్‌కీ అందులో కృతజ్ఞతలు చెప్పాడు. అంటే ఆ కోపంలో అతనికి ఫోన్ చేసి మాట్లాడిన పెద్దవాళ్లున్నారు. మీకూ అలాంటి ఇద్దరు ముగ్గురు ఉండాలి. తేడా ఒక్కటే. వాళ్ల ఫోన్ మెయిల్ పంపకముందు రావాలి. రావడమంటే వాళ్లంతట వాళ్లే చేస్తారని కాదు, ‘అన్నా, ఇలా రాశాను, చూస్తావా’ అని మీరే చేయాలి. రిటైర్మెంట్ ఉత్తరాన్ని కనీసం రెండు రాత్రులు పంపకుండా ఉంచాలన్నది నా నియమం. ఆటకే కాదు, ఆఫీసు రాజీనామాకూ ఇదే చెబుతాను.

2022 మేలో రాయుడు మళ్లీ ఐపీఎల్ నుంచి తప్పుకుంటున్నానని ట్వీట్ పెట్టి కాసేపటికే తీసేశాడు. అదేం లేదని చెన్నై యాజమాన్యం సర్దిచెప్పుకుంది. ఆ ఏడాదే వదిలేసి ఉంటే దాన్ని మొండితనమనేవాళ్లం. వదల్లేదు. 2023 మే 28న, అహ్మదాబాద్‌లో ఫైనల్ రోజున, ఇదే తన ఆఖరి ఐపీఎల్ మ్యాచ్ అని రాశాడు. ఈసారి యూటర్న్ లేదని చివర్లో నవ్వుతూ తన మీద తనే జోక్ వేసుకున్నాడు. వానకు ఆట మర్నాటికి వాయిదా పడింది. ఎనిమిది బంతుల్లో 19 పరుగులు చేసి, చెన్నై కప్పు గెలిస్తే, ఆరో ట్రోఫీతో ఇంటికెళ్లాడు.